కిటికీ పక్క మంచం మీది బ్యాట్స్‌మన్

మొన్న ఆదివారం ఇక్కడ అమెరికాలో, బాతెల్ ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో టిఫిన్లు చేస్తుండగా, స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడే మా మనవరాలు ఫోన్‌లో ఏదో చదువుతూ, ఒకప్పుడు నల్లవాళ్ళు విడిగా ఆడుకున్న బేస్‌బాల్ లీగుల లెక్కల్ని కూడా ఇప్పుడు అసలు రికార్డుల్లో కలిపేశారని చెప్పింది. నేను ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టి ఒక పేరు వెతకమన్నాను. దొరికింది! ఆ ఆటలో నాకు తెలిసినవాడు ఆయనొక్కడే, అదీ ఆయన ఆట మానేసిన పాతికేళ్ళకి.

గుంటూరులో మెడిసిన్ చదివి ఈ దేశం వచ్చిన కొత్తలో, ఉక్కు ఫ్యాక్టరీలున్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో రెసిడెంట్ డాక్టరుగా చేరాను. చీర మీద తెల్లకోటు వేసుకుని వార్డులోకి వెళితే, డాక్టరుగారు ఎప్పుడొస్తారని నన్నే అడిగేవారు. కాలు విరిగి మంచాన ఉన్న ఒక తెల్ల పెద్దమనిషయితే, నా చెయ్యి తన మీద పడడానికి వీల్లేదని కేకలు వేశాడు. నేను వార్డు మధ్యలో కొయ్యబారిపోయాను.

అప్పుడు కిటికీ పక్క మంచం మీంచి, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన డెబ్బై ఏళ్ళ నల్లాయన, అందరికీ వినపడేలా, "ఇలా రా డాక్టర్, నన్ను చూడు. నాకు నువ్వే కావాలి," అన్నారు.

ఆ రోజు నుంచి రౌండ్స్‌లో ఆయన దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగేదాన్ని. నేను వెతకమన్న పేరు ఆయనదే. ఆడే రోజుల్లో జట్టుతో డొక్కు బస్సులో ఊరూరా తిరిగి, హోటళ్ళవాళ్ళు రానివ్వకపోతే ఆ బస్సులోనే కునికి, మర్నాడు బంతిని కంచె దాటించేవారట. తలకి గురిపెట్టి బంతి విసిరేవాళ్ళూ, గ్యాలరీల్లోంచి బూతులు తిట్టేవాళ్ళూ ఉండేవారట. పెద్ద లీగు వాళ్ళు నల్లవాళ్ళని రానిచ్చేసరికి ఈయన మోకాళ్ళు అరిగిపోయాయి. ఇదంతా నవ్వుతూనే చెప్పి, "తిట్లు వినపడతాయి, వినపడనీ. నువ్వు బంతినే చూడు," అనేవారు.

ఆ చెయ్యి ఇక రాదు, వృద్ధాశ్రమానికి పంపించేద్దామన్నారు మా పెద్ద డాక్టరు. ఎప్పుడూ ఎదురుచెప్పని నేను, ఇంకొక్క నెల ఇమ్మని పట్టుబట్టాను. తువ్వాలు గట్టిగా చుట్టి చేతికిచ్చి, రోజూ పిడికిలి బిగించమనేదాన్ని. చెమటలు కారేవి, వేళ్ళు వణికేవి, ఆయన మాత్రం మానలేదు.

నెలాఖరుకి, ఒకనాటి జట్టువాళ్ళిద్దరు బ్యాటు పట్టుకుని వచ్చారు. ఆసుపత్రి పచ్చికలో ఆయన్ని నిలబెట్టి, నాలుగడుగుల దూరం నుంచి మెల్లగా బంతి వేశారు. మొదటిది తప్పిపోయింది, రెండోదీ అంతే. మూడోది తగిలి, దొర్లుకుంటూ పూలమొక్కల్లోకి పోయింది. ఆ ముసలివాళ్ళిద్దరూ టోపీలు గాల్లోకి ఎగరేశారు. నేను నర్సుని కావలించుకుని ఏడ్చేశాను.

మర్నాడు బీపీ చూడడానికి వెళితే, కాలు విరిగిన పెద్దమనిషి తనే చొక్కా పైకి మడిచి చెయ్యి చాపాడు. క్షమించమని అనలేదు, నేనూ ఆశించలేదు. కిటికీ పక్క ఆయన మాత్రం ఆ వారంలోనే తన ఇంటికి నడిచి వెళ్ళారు.

ఇదంతా విని మా మనవరాలు, "వాళ్ళని ఎందుకు ఆడనివ్వలేదు అమ్మమ్మా? దట్ మేక్స్ నో సెన్స్!" అంది. ఎంత చెప్పినా దానికి నమ్మకం కలగలేదు. నాకు మాత్రం ఆ నమ్మలేకపోవడమే ముచ్చటగా అనిపించింది. మా రోజుల్లో ఎందుకని అడగాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. రికార్డుల్లో పేరైతే ఎక్కింది గానీ, మైదానంలో ఆయన ఆట కళ్ళారా చూసినవాళ్ళు ఇవాళ ఒక్కరూ మిగిలి ఉండరు, అదొక్కటే వెలితి.