టేపుల శోకం

జనగామ స్టేషన్ల రైలు కోసం కూసొని, నర్మెట్టల ఒక అవ్వ దగ్గర రికార్డు చేసిన పాట టేపు పెట్టుకొని విన్న. నా పరిశోధనకు అసొంటి పాటలే కావాలె.

పక్కన మూట పెట్టుకొని కూసున్న ముసలామె గుర్రుగ చూసింది.

"ఎవరు సచ్చిన్రు?"

"ఎవ్వరు సావలే. పాట గది."

"పాటనా? కొడుకు పోయిన తల్లి శోకం గది. పీనుగు లేని కాడ శోకం ఇనిపిస్తరా? బంద్ జెయ్!"

నాకు కోపమొచ్చింది. నాకు చెప్పొచ్చిందని ఇంకింత పెద్దగ పెట్టిన.

ఏడుపు నడుమ, టేపుల నా గొంతు వినపడ్డది: "అవ్వా, జర గట్టిగ."

ముసలామె నా ముందర ఉమ్మేసి, మూట ఎత్తుకొని పోయి ఎండల నిలబడ్డది.

ఆ శోకం నా పుస్తకంల పాటగనే అచ్చయింది. నేనన్న మూడు మాటలు మాత్రం రాయలే.