బల్ల మీద కాహోర్ సీసా

ఈ సంగతి ఇన్నేళ్లుగా రాయకపోవడానికి కారణం మరచిపోవడం కాదు, నాకు అక్షరాలు రాకపోవడం. అన్నయ్యలు బడికి వెళ్లే వయసులో నన్ను రొయ్యల షెడ్డులో తలలు తీయడానికి కూర్చోబెట్టారు. అరవై రెండో ఏట, ఇక్కడ అమెరికాలోని ప్లేనోలో, మా తెలుగు చర్చిలో పిల్లలకు చెప్పే క్లాసులో చిన్న కుర్చీ మీద ఇరుక్కుని కూర్చుని ఓనమాలు దిద్దాను. ఇంగ్లీషు ఆ తర్వాత లైబ్రరీలో నేర్చుకున్నాను.

మొన్న శనివారం బావగారి అబ్బాయి ఇంటికి భోజనానికి వెళితే అక్కడొక సీసా కనిపించింది. దాని మీద మూడు బురుజుల వంతెన బొమ్మ చూడగానే ఒళ్లు మండిపోయింది. చదువు రానివాళ్లు బొమ్మల్ని మరచిపోరు. సీసా అందుకుని కూడబలుక్కుంటూ చదువుతుంటే వాడు నవ్వాడు.

"పిన్నీ, అది హెవీ వైన్. నువ్వు హ్యాండిల్ చేయలేవు!"

"ఇరవై ఏళ్ల కిందటే హ్యాండిల్ చేశాన్లేరా. ఒక గుక్క పొయ్యి."

సిరాలాంటి నలుపు. నేరేడు పళ్లు తిన్నాక నాలుక బిగుసుకుపోయినట్టు వగరు, మింగినా వదలదు. ఫ్రాన్సు నైరుతి మూలన, నది మెలిక తిరిగేచోట కాహోర్ అనే ఊరుందట; అక్కడి మాల్బెక్ ద్రాక్షతో చేస్తారట. పూర్వం కొంత రసాన్ని మరిగించి చిక్కబరిచేవారనీ, రష్యాలో ఈ పేరు వైన్‌నే చర్చిలో ప్రభువు బల్ల సంస్కారానికి వాడేవారనీ వాడు చెబుతుంటే నాకు కోపం రెట్టింపయింది.

ఎందుకంటే, మేము ఈ దేశానికి వచ్చిన కొత్తలో మా చర్చిలో ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో అందరికీ తలో గుక్క పంచడానికి, ద్రాక్షరసం కాచే పని నాది. మా అమ్మ చేసినట్టే ఎండు ద్రాక్ష ముందురోజే నానబెట్టి, మరిగించి, పలచని గుడ్డలో పిండేదాన్ని. అక్షరం ముక్క రాని నాకు సంఘంలో ఉన్న గౌరవమంతా ఆ గిన్నెలోనే ఉండేది. మావారు బావగారి లిక్కర్ స్టోర్‌లో పనిచేసేవారు. బావగారు మా సంఘానికి పెద్ద. మా సంఘంలో మద్యం ముట్టడం పాపం కనుక చర్చిలో మాత్రం దాన్ని కిరాణా షాపు అనేవారు.

ఒక ఈస్టరుకి నాకు జ్వరం, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. బావగారే ఈ సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "ద్రాక్షరసమేనమ్మా, కాచే పన్లేదు, కప్పుల్లో పోసెయ్," అన్నారు. పోశాను. మొదటి గుక్కకే ఒక ముసలావిడకి పొలమారింది, పాస్టరుగారు ఆగిపోయారు. అప్పుడు మా బావగారనే ఆ పెద్దమనిషి లేచి, "చదువురాని మనిషండీ, తాగుబోతుల సీసా తెచ్చి పోసేసింది," అన్నారు. తొందరలో చేతికందింది తెచ్చి ఉంటారు, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కానీ అది నా నెత్తిన పెట్టారే! ఉద్యోగం ఆయన చేతిలో ఉంది కనుక మావారు తల దించుకున్నారు. ఆయనే ఇచ్చారన్నా, సీసా మీద ఏముందో చెప్పలేని నా మాట ఎవరు నమ్ముతారని నేనూ నోరు మూసుకున్నాను. పై నెల నుంచి ఆ పని ఇంకొకరికి ఇచ్చారు.

ఇప్పుడు చదివాను. దాని మీద వైన్ అని స్పష్టంగా ఉంది. రోజూ అవే సీసాలు అమ్మిన మనిషికి అది కనిపించలేదా? పైగా తాగుబోతుల సీసా అట! దేవుడి బల్లకని సాటి క్రైస్తవులు భక్తిగా పోసుకున్న వైన్ పేరు అది.

ఇప్పుడు మా చర్చిలో ఎవరూ ఏమీ కాయరు. పైన రేకు అంటించిన ప్లాస్టిక్ కప్పులు పెట్టెలో వస్తాయి, పీకి తాగడమే. శనివారం ఇల్లంతా నిండే ఎండు ద్రాక్ష వాసన మా పిల్లలకు తెలియదు. ఒకరి చేతిని నమ్మి తాగడమంటే ఏమిటో కూడా తెలియదు.

బల్లకు ముందు, ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే లేచి సరిచేసుకోమని పాస్టరుగారు అడగడం మా ఆచారం. ఇన్నేళ్లూ ఆ మాటకు నేను కూర్చునే ఉన్నాను. మర్నాడు ఆదివారం ఉదయం లేచాను. ముందు వరుసలో కూర్చున్న బావగారి దగ్గరికి నడిచి వెళ్లి, ఆ ఈస్టరు నాటి సీసా ఎవరి షాపులోంచి ఎవరు తెచ్చారో చెప్పమని అందరికీ వినిపించేలా అడిగి, ఆయన నోరు విప్పేదాకా అక్కడే నిలబడ్డాను.