ఆదివారం లెక్కతో తలంటు

నెత్తిన కుంకుడు నురగతో, నడుముకు తువ్వాలుతో పక్కింటి కుర్రాళ్ల తలుపు కొట్టిన కాలనీ సెక్రటరీ తుర్కపల్లి చుట్టుపక్కల నేనొక్కణ్నే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. మా ఆవిడ సుజాత ఇప్పటికీ ఆపుకోలేదు.

మా కాలనీ నిండా నిన్నగాక మొన్న డిగ్రీ చేతికొచ్చి, మందుల ల్యాబుల్లో చేరిన పిల్లలే. వాళ్ల గురించి పెద్దలందరికీ తెలిసిన సత్యాలు మూడు. ఐదుగురికి ఒకటే ఇస్త్రీపెట్టె. మెడలో ఐడీ కార్డును మంగళసూత్రంలా నిద్రలో కూడా తీయరు. పదకొండు కొట్టందే లేవరు. ఈ మూడోదాన్ని నేను లెక్కగట్టాను. చదివింది పదో తరగతే అయినా లెక్కల్లో నాకు నేనే గురువుని. నాలుగు ఆదివారాలు మేడ మీద నిలబడి, పక్కింటి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో రాసుకున్నాను. సగటున పదకొండుంబావు!

ఉమ్మడి బోరు నీళ్లు మాకు రోజుకు గంటసేపే వదులుతారు. అందరూ ఒకేసారి నల్లా తిప్పితే కొసన ఉన్న మా ఇంటికి చుక్క ఎక్కదు. అందుకని సెక్రటరీ హోదాలో పొద్దున ఎనిమిదింటికి వదిలే నీళ్లను ఆరింటికి మార్చేశాను. పిల్లలు నిద్రలో, నీళ్లు మా ట్యాంకులో.

మార్చిన మొదటి రోజు బుధవారం. ఏడుంబావుకి అలియాబాద్‌లో మా బావమరిది గృహప్రవేశం. పాలు పొంగించాల్సిన ఒక్కగానొక్క ఆడపడుచు సుజాత. ట్యాంకు అడుగున మిగిలిన రెండు చెంబులు పోసుకుని, తలకు కుంకుడు రసం పట్టించి, ఆరు కాగానే నల్లా తిప్పాను. నల్లా ఒకసారి దగ్గి ఊరుకుంది.

"సుజాతా, నీళ్లు వస్తలేవు!"

"ఎట్లొస్తయి? పక్కింట్ల అయిదుగురు తానాలు జేస్తున్నరు. పాటలు గూడ ఇనవడుతున్నయి."

"గింత పొద్దుగాల వాళ్లు లేవరే! లెక్కుంది!"

"నీ లెక్క నీ కండ్లల్లనే వడ్డది. నేను వోకుంటే ఆడ పాలు పొంగయి. జల్దీ బండి తియ్యి!"

కళ్లు మూసుకుని, గోడ తడుముకుంటూ వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను. ఆ ఐదుగురిలో ఒకడు, అమలాపురం నుంచి వచ్చిన వంశీ తీశాడు.

"ఒక్క బకెట్ నీళ్లియ్యి బాబూ!"

"అయ్యయ్యో, రండంకుల్! మీరు టైము మార్చి పుణ్యం కట్టుకున్నారండి. నైట్ షిఫ్ట్ క్యాబు ఐదున్నరకే దింపుద్ది కదా. ఇన్నాళ్లూ ఎనిమిదింటిదాకా నీళ్ల కోసం నిద్రాపుకుని కూర్చునేవాళ్లమండి."

"మరి ఆదివారం పదకొండింటికి లేస్తరు గద?"

"ఆదివారం సెలవండి."

నా నాలుగు వారాల పరిశోధన ఆ రెండు ముక్కల్లో కొట్టుకుపోయింది. వంశీ నా నెత్తిన నీళ్లు పోస్తూ ఎంతో గౌరవంగా అడిగాడు:

"అంకుల్, మాకు డ్యూటీ కూడా అయిపోయిందండి. మీరు రోజూ ఇంత లేటుగా లేస్తారాండి?"

ఏడూ పద్నాలుగుకు అలియాబాద్ చేరాం. పాలు పొంగాయి. ఆ పొయ్యి సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఇకపై ఏ మనిషి నిద్రనూ సెలవు రోజున కొలవను. ఒకవేళ కొలిచినా, దాన్ని నమ్ముకుని తలంటుకోను.