ట్రెడ్‌మిల్ దిగనన్న మాస్టారు

2022 వేసవి. విజయవాడ భవానీపురంలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో టీఎంటీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. టీఎంటీ అంటే ఛాతీకి వైర్లు అంటించి, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీయడం. మూడు నిమిషాలకో స్టేజీ. స్టేజీ మారినప్పుడల్లా బెల్టు వేగం, ఎత్తు పెరుగుతాయి.

నాకు అనుమానం ఎక్కువ. కిడ్నీ ఇచ్చేముందు గుండె పరీక్షకని వచ్చేవాళ్లంటే మరీను. ఇంట్లో కాదనలేక ఒప్పుకుని, ఇక్కడికొచ్చి రెండో నిమిషానికే "కాళ్లు లాగేస్తున్నాయండీ" అని దిగిపోయినవాళ్లను చూశాను. అన్‌ఫిట్ అని మా చేత రాయించుకుంటే ఇంట్లో మాట పడక్కర్లేదు కదా!

పామర్రు నుంచి వచ్చిన రత్నం మాస్టారి మీదా అదే అనుమానం. హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తారు. భార్య సుగుణమ్మ గారికి కిడ్నీ ఇవ్వాలి. ఆవిడ బయట కూర్చున్నారు. వైర్లు అంటిస్తున్నంతసేపూ ఈయన ఒకటే కబుర్లు. బెల్టెక్కడం వాయిదా వేస్తున్నారని లోపల నవ్వుకున్నాను.

"ట్రెడ్‌మిల్ అన్న మాట ఎక్కడిదో తెలుసా అండీ? ట్రెడ్ అంటే అడుగెయ్యడం, మిల్ అంటే మర. పూర్వం ఇంగ్లండు జైళ్లలో మెట్లున్న పెద్ద చక్రం ఉండేది. ఖైదీలు దాన్ని తొక్కుతుంటే పిండిమర తిరిగేది. ఇప్పుడేమో జిమ్ముల్లో మనమే సరదాపడి తొక్కుతున్నాం!"

బెల్టు మీద కూడా పాఠం సాగింది. రెండో స్టేజీలో సగం మాట దగ్గర ఆగిపోయింది. నాటకం మొదలైందనుకున్నాను.

"నొప్పేమన్నా ఉందా మాస్టారూ?"

"లేదండీ. బాగానే ఉంది. కానివ్వండి."

దిగిపోతాననాల్సిన మనిషి కానివ్వమంటారేంటి? చూస్తే కడ్డీ పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. దవడ బిగిసింది. స్క్రీన్ మీద ఎస్‌టీ అనే గీత కిందికి జారుతోంది. గుండెకు రక్తం చాలడం లేదేమోనని భయపడాల్సిన గుర్తు అది. పక్కనున్న డాక్టరు గారు ఆపమన్నారు. నా చెయ్యి ఎర్ర బటన్ మీదికి వెళ్లింది.

"ఆపొద్దండీ! ఇంకొక్క స్టేజీ. ఫిట్ అని రాయండి, మీకు దణ్ణం పెడతాను. ఆమెకి ఇవ్వడానికి ఇంకెవరూ లేరు."

ఆపేశాను. పడుకోబెట్టి నాలుక కింద మాత్ర పెడితే, ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చారు. నాకు సిగ్గేసింది.

డాక్టరు గారు సుగుణమ్మ గారిని పిలిచి విషయం చెప్పారు. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు.

"రెండు నెలల్నుంచీ మెట్లెక్కితే చాలు, గుండె రుద్దుకుంటున్నారండీ. అడిగితే గ్యాసంటారు. మీ కిడ్నీ నాకొద్దంటే వినరు. ఈ మిషనైనా పట్టుకుంటుందని నోరు మూసుకుని వెంటొచ్చాను."

ఇప్పటికీ అనుమానిస్తూనే ఉన్నాను. కాకపోతే దిగిపోతాననేవాళ్ల కన్నా, బాగానే ఉందనేవాళ్లని ఎక్కువగా.