కౌంటు కిలోకా, పౌనుకా?

గన్నవరం దగ్గర రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక ప్లాంటులో నేను క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరుగా చేరింది ఒక మార్చి నెలలో. అంతకుముందు పన్నెండేళ్లూ ల్యాబ్‌లోనే గడిచాయి. రైతులతో మాట్లాడే పని ఆ పోస్టుతోనే మొదలైంది. చేరిన నెలలోనే ఒక ఘనకార్యం చేశాను.

మా వ్యాపారంలో రొయ్య సైజును కౌంటు అంటారు. మన రైతుకు నలభై కౌంటు అంటే తలతో సహా కిలోకు నలభై రొయ్యలు. అమెరికాలో కొనేవాడికి తల తీసేశాక పౌనుకు నలభై. పౌను అరకిలో కంటే కాస్త తక్కువ. అంకె ఒకటే, రొయ్య వేరు. అమెరికా నుంచి 36/40, అంటే పౌనుకు ముప్పై ఆరు నుంచి నలభై, ఆర్డరు వస్తే ఆ అంకెను అలాగే గేటు దగ్గర కొనుగోలు బోర్డు మీద రాయించాను. కిలోకా, పౌనుకా అన్నది రాయించలేదు. అందరికీ తెలుసు కదా అనుకున్నాను.

గుడివాడ అవతల రెండెకరాల చెరువు కౌలుకు చేస్తున్న ఆదిలక్ష్మి గారు ఆ బోర్డు చూసుకుని వెళ్లారట. మూడు వారాలకు ఫోన్ చేశారు.

"మేడం గారూ, మావి యాభై ఐదు కౌంటులో ఉన్నాయండీ. మీకు నలభై కావాలంటే ఇంకా మేపాలి. పక్క చెరువులో తెల్లమచ్చ పడిందండీ. ఏం చెయ్యమంటారు?"

తెల్లమచ్చ వైరస్ జబ్బు. సోకితే మూడు నాలుగు రోజుల్లో చెరువంతా పోతుంది. కాగితం తీసుకుని లెక్క వేశాను. తల తీస్తే బరువులో మూడో వంతుకు పైగా పోతుంది. ఆవిడ యాభై ఐదు కౌంటు, తల లేకుండా పౌనుకు ముప్పై ఎనిమిది. మాకు కావలసిన రొయ్య నా బోర్డు పుణ్యమా అని ఇంకా చెరువులోనే ఉంది.

"రేపే పట్టించేయండి. అవి సరిపోతాయి. తప్పు నాదండీ," అని విషయం చెప్పాను.

ఆవిడ, "అంత చదువుకుని అదేంటండీ!" అన్నారు.

తెల్లవారగానే చెరువు గట్టు మీద ఉన్నాను. వల వేయించి శాంపిల్ తీశాం. పెంకు మీద మచ్చ లేదు, వైరస్ పరీక్షలోనూ జబ్బు లేదనే తేలింది. తలలు తీయించి తూస్తే పౌనుకు ముప్పై ఎనిమిదే. మధ్యాహ్నానికి సరుకంతా ఐసులో సర్ది లారీ ఎక్కించాం. ఆదిలక్ష్మి గారు గట్టు మీదే కూలబడి, "బతికిపోయానండీ," అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఆ వారమే బోర్డు మార్పించాను. ప్రతి అంకె పక్కన కిలోకో పౌనుకో, తలతోనో లేకుండానో రాయాలని నియమం పెట్టాను. తర్వాతి పంటకు ఆవిడ వచ్చి, బోర్డు ముందు నిలబడి పైనుంచి కింది దాకా చదివారు. యూరప్ ఆర్డరు దగ్గర వేలు పెట్టి, "ఇది తలతోనా, లేకుండానా? రాయలేదేంటండీ?" అన్నారు. నిజమే, రాయలేదు. సుద్దముక్క తెప్పించి అక్కడికక్కడే రాశాను.

దేశాలన్నీ ఒకే కొలతకు వచ్చేదాకా వ్యాపారం ఆగనక్కర్లేదు. అంకె పక్కన కొలత రాస్తే చాలు. రాసింది సరిపోయిందో లేదో రాసినవాళ్లకు తెలియదు, దాన్ని నమ్ముకుని చెరువు పట్టేవాళ్లను అడగాలి. రిటైరయ్యే దాకా ఏ కొత్త బోర్డు పెట్టినా ముందు ఆవిడ చేత చదివించాను.