ఆ ఉదయం వర్జ్యం లేదు

ఫోను బల్ల మీద పెట్టు, నేను చెప్తూ ఉంటాను. అది వింటూ రాసేస్తుందట కదా, తర్వాత నువ్వు తప్పులు దిద్దుదువుగాని. తప్పులంటే అక్షరాలే సుమా. సంగతిని మాత్రం సర్దకు. నీకు తెలిసిన కథే అయినా మొదట్నించీ చెప్తాను. ఎందుకో చివర్లో చెప్తాను.

అమెరికాకి, ఈ ఎడిసన్‌లో మీ ఇంటికి నేను వచ్చి తొమ్మిదేళ్ళయింది. వంట, పూజ, నువ్వు కాలేజీకి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడటం, ఇవీ నా పనులు. నువ్వు కారు నడిపేదానివి, వెనక వీధి పిల్ల నీ పక్కన కూర్చునేది. చిన్న బడి నుంచీ మీరిద్దరూ ఒకటే జట్టు. వాళ్ళది కరీంనగర్ వైపు. తండ్రి లేడు. తల్లి ఒక్కతే ఆఫీసుకి పోతూ ఆ పిల్లని పెంచింది. ఆ పిల్ల నన్ను అమ్మమ్మా అనే పిలిచేది. పులిహోర కలిపిన రోజు నీకన్నా ముందే వంటింట్లో ఉండేది, పల్లీలన్నీ ఏరుకు తినేది, నేను గరిటె చూపిస్తే నవ్వేది.

ఆ రోజు గురువారం. పదింటికి మీ ఇద్దరికీ క్లాసు. మధ్యాహ్నం అటునుంచి అటే నీకు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ. మొదటి ఉద్యోగం కదా, మంచి ఘడియ చూసి పంపాలని నా ఆరాటం. ఎప్పుడూ ఫ్రిజ్ మీదున్న గుడి క్యాలెండర్ చూసేదాన్ని. ఆ రోజు కళ్ళజోడు నా గదిలో ఉండిపోయింది. తెచ్చుకోబోయి, ఎలాగూ వచ్చానని, అక్కడే గోడకున్న క్యాలెండర్ చూశాను. మా చెల్లెలు విజయవాడ నుంచి పంపింది అది. ఎనిమిదీ యాభై నుంచి పదీ ఇరవై దాకా వర్జ్యం అని ఉంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, వర్జ్యమంటే రోజులో ఓ గంటన్నర మంచిది కాని సమయం. అప్పుడు కొత్త పని మొదలుపెట్టం, గడప దాటి ప్రయాణం కట్టం.

వచ్చి నీ కారు తాళాలు తీసుకున్నాను.

"అమ్మమ్మా, ప్లీజ్! టెన్‌కి క్లాస్ ఉంది నాకు."

"క్లాసు రేపూ ఉంటుంది. ఇంటర్వ్యూ రేపుంటుందా? పదీ ఇరవై దాకా కదలడానికి లేదు."

ఆ పిల్ల గుమ్మం పక్క గోడకి ఆనుకుని, ఒంటికాలి మీద నిలబడి షూ లేసు కట్టుకుంటోంది. "మా ప్రొఫెసర్‌కి వర్జ్యం తెల్వదు అమ్మమ్మా, అటెండెన్స్ ఒక్కటే తెలుసు," అంది నవ్వుతూ. "నేను బస్‌ల పోత. దీనికి నోట్స్ పంపిస్తలే."

"పోనీ నువ్వూ ఆగవే," అన్నాను. ఒక్కసారే అన్నాను. రెండోసారి అనలేదు. వేరేవాళ్ళ పిల్ల, నేనెవర్ని ఆపడానికి అనుకున్నాను. నీ తాళాలు మాత్రం కొంగున ముడేసుకున్నాను. ఆ పిల్ల నిలబడే నాలుగు ముద్దలు పులిహోర తిని, చేయి కడుక్కుని, "బై అమ్మమ్మా, దాన్ని మంచిగ తిట్టు," అని వెళ్ళిపోయింది.

నువ్వు సోఫాలో ముఖం ముడుచుకుని కూర్చున్నావు. పదీ పావుకి నీ ఫోను విచిత్రంగా మోగింది. చదివి నువ్వు లేచి నిలబడ్డావు. కాలేజీ నుంచి మెసేజ్. ఎవడో తుపాకీతో లోపలికొచ్చాడు, తలుపులు వేసుకోండి, దాక్కోండి అని. నువ్వు ఆ పిల్లకి ఫోన్ చేస్తున్నావు. "రింగ్ అవుతోంది అమ్మమ్మా, తీయట్లేదు. రింగ్ అవుతోంది." వాడెక్కడో మైళ్ళ దూరంలో ఉన్నాడు, నేనేమో మన వీధి తలుపుకి గడియ పెట్టి, కుర్చీ కూడా లాగి అడ్డం పెట్టాను. మీ అమ్మ ఆఫీసు నుంచి వచ్చి ఎంత బెల్లు కొట్టినా తీయలేకపోయాను. ఆ బెల్లు చప్పుడంటే నాకు ఇప్పటికీ భయమే.

సాయంత్రానికి తెలిసింది. క్లాసులో ఉన్న పిల్లలు తలుపుకి బల్లలు అడ్డం పెట్టుకుని బతికిపోయారు. బస్సు ఆలస్యమైంది కాబట్టి ఆ పిల్ల ఇంకా వరండాలోనే ఉంది. అక్కడే పోయింది. కాల్చినవాడు తర్వాత తననీ కాల్చుకున్నాడు.

ఇక మన ఇంటికి జనం. "అమ్మగారూ, మీ నమ్మకమే మీ మనవరాల్ని కాపాడింది," అన్నారు. గుడిలో ఒకావిడ నా కాళ్ళకి దండం పెట్టింది. ఇంకొకావిడ వాళ్ళబ్బాయి కార్ డెలివరీకి టైము చెప్పమంది. కాలేజీని తిట్టారు, తుపాకులమ్మేవాళ్ళని తిట్టారు, చివరికి గొంతు తగ్గించి, "పాపం, పెద్దావిడ చెప్పినా ఆ పిల్ల వినలేదట," అన్నారు. నేను ఊరుకున్నాను. నిజం చెప్తున్నాను, అప్పుడు నాక్కూడా అలాగే అనిపించింది.

పదో రోజో, పదకొండో రోజో, కూరగాయలు తీస్తూ ఫ్రిజ్ మీద గుడి క్యాలెండర్ చూశాను. ఆ గురువారం ఉదయం వర్జ్యం లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లేదు. గుడివాళ్ళు ఇక్కడి టైముకి లెక్కకట్టి వేస్తారు. నా గదిలోది ఇండియా టైము. ఆ వర్జ్యం ఇక్కడ ముందు రోజు రాత్రే, మనమంతా నిద్రపోతుండగానే, వచ్చి వెళ్ళిపోయింది. చేతిలో వంకాయలు అలాగే ఉన్నాయి. నేను తాళాలు తీసుకోకపోతే మీరిద్దరూ కార్లో పదికల్లా క్లాసులో ఉండేవాళ్ళు. తలుపు లోపల.

ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మ ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ అటే చూసేదాన్ని.

కాలేజీ మళ్ళీ తెరిచారు. వర్జ్యమంటే పకపకా నవ్వే నువ్వు, షూ వేసుకుని నా ముందు నిలబడి, "అమ్మమ్మా, ఇవాళ ఎప్పుడు ఓకే?" అనడం మొదలుపెట్టావు. నేను చెప్పకపోతే కదిలేదానివి కాదు. చెప్పినా కారు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేదానివి. "షూర్‌గా చూశావా?" అని మళ్ళీ. ఒక పరీక్ష అలాగే పోయింది. నేను అవుననీ కాదనీ గొణిగేదాన్ని.

ఒకరోజు నువ్వే నన్ను ఆ పిల్ల తల్లి దగ్గరికి తీసుకెళ్ళావు. నేను అంతకుముందు పదిమందితో కలిసే వెళ్ళాను, ఒంటరిగా వెళ్ళడానికి ధైర్యం లేక. ఆవిడ ముందు బల్ల మీద గుడి క్యాలెండర్ ఉంది. కొత్తది. వర్జ్యాలన్నిటి కిందా ఎర్ర గీతలు.

"అమ్మా, నా బిడ్డను ఆగుమన్నవంట. అది నవ్విందంట," అంది. "దేవుడంటే నవ్వులాటైంది దానికి. నేనే నేర్పలే. ఆఫీసు, ఇల్లు, గింతే నా బతుకు. నేర్పితే ఆగేది గదా?"

ఆ ఎర్ర గీతలు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. చెప్పేశాను. "ఆ వేళకి ఇక్కడ వర్జ్యం లేదమ్మా. నేను ఇండియా క్యాలెండర్ చూసి చెప్పాను. వీళ్ళు కార్లో వెళ్ళి ఉంటే పదికల్లా క్లాసులో ఉండేవాళ్ళు."

నువ్వు నా వంక తిరిగావు. నేను నీ వంక చూడలేదు.

ఆవిడ ఒక ఎర్ర గీత మీద వేలు పెట్టింది. "అంటే నా బిడ్డది తప్పు లేదు."

"లేదమ్మా."

"నాది?"

"నీదీ లేదు."

"మరి నీదా?"

"తెలియదు తల్లీ. రోజూ అదే అడుగుతున్నాను."

"ఎవర్ని?"

"దేవుణ్ణి."

"ఏమంటుండు?"

"ఏమీ అనడం లేదు."

"నాతోని గూడ అంటలేడు," అంది. క్యాలెండర్ తిరగేసి పెట్టింది. "పోండి ఇగ."

దారిలో నువ్వు కారు పక్కకి ఆపేశావు. "అంటే నేను బతికింది మిస్టేకా?" అన్నావు.

"కాదు. వెళ్ళినా బతికేదానివి. ఇద్దరూ బతికేవాళ్ళు," అన్నాను. ఆ తర్వాత మూడు రోజులు నువ్వు నాతో మాట్లాడలేదు. కంచంలో పెట్టింది తిని లేచిపోయేదానివి. నాలుగో రోజు షూ వేసుకుని, నన్నేమీ అడక్కుండా కాలేజీకి వెళ్ళిపోయావు. వచ్చేదాకా నేను కిటికీ వదల్లేదు.

మర్నాడు ఉదయం బెల్లు మోగింది. తలుపు అద్దంలోంచి చూస్తే ఆ పిల్ల తల్లి. నా చేయి గడియ మీదకి పోలేదు. తిట్టడానికి వచ్చింది, కొట్టినా కొడుతుంది అనుకున్నాను. మళ్ళీ మోగింది. తీశాను.

"నా బిడ్డ ఆ రోజు యాడ నిలబడ్డది?" అంది. అంతే.

చూపించాను. ఇదిగో, ఈ గోడ దగ్గర, ఒంటికాలి మీద అన్నాను. ఏమన్నది? చెప్పాను. ఏం తిన్నది? నాలుగు ముద్దలు పులిహోర. కూసోని తిన్నదా? లేదమ్మా, నిలబడే. పల్లీలు ఏరిందా? ఏరింది. ఆవిడ ఆ గోడకి వీపు ఆనించి నిలబడింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. కుర్చీ వేస్తానంటే వద్దంది.

వెళ్ళేముందు, "నిన్ను మాఫ్ జెయ్యలే," అంది. "మళ్ల వస్త. మళ్ల అడుగుత. నువ్వు చెప్పాలె."

వస్తోంది. ప్రతి శనివారం. అవే అడుగుతుంది, నేను అవే చెప్తాను. దీపం మానలేదు నేను, మానేస్తే ఇంకా భయం. కానీ ఏం కోరుకోవాలో తోచక దండం పెట్టి ఊరుకుంటున్నాను. పోయిన వారం "బై అమ్మమ్మా" ముందు అందా, చేయి కడుక్కున్నాక అందా అని అడిగింది. నాకు ఒక్క క్షణం గుర్తురాలేదు. ఆవిడ ముఖం చూశాక నాకు భయమేసింది. నా వయసులో రేపు ఇంకేం జారిపోతుందో! అందుకే ఇదంతా చెప్పిస్తున్నాను. నేను మర్చిపోయిన రోజున నువ్వు చదివి ఆవిడకి చెప్పాలి. చేయి కడుక్కున్నాకే అంది. ఫోను అది రాసిందో లేదో చూడు.

సరే, ఇక లే, క్లాసుకి టైమవుతోంది. అక్కడికి చేరగానే ఒక మెసేజ్ పెట్టు. తలుపు లోపలికి వెళ్ళాక ఇంకొకటి పెట్టు.