ధర్మయ్య మూడో పిలుపు

పంజాగుట్టలోని ఆ డిగ్రీ కాలేజీలో ప్రిన్సిపాళ్లు ఆరుగురు మారారు గానీ అటెండరు ధర్మయ్య మారలేదు. సిరిసిల్లలో మగ్గం వదిలి వచ్చి పందొమ్మిదేళ్లయింది. బెల్లు కొట్టడం, నోటీసు బోర్డుకు కాగితాలు అంటించడం, అడ్మిషన్ల రోజున పేర్లు పిలవడం అతని పని. పిలవడంలో అతనిదో పట్టింపు. ఒక్కో పేరూ మూడుసార్లు పిలవాల్సిందే. రెండుసార్లు వరండాలోంచి, మూడోసారి గేటు దాకా నడిచి రోడ్డు మీదికి. మార్కులు తక్కువొచ్చిన పిల్లలు లోపలికి రావడానికి సిగ్గుపడి బయటే తచ్చాడుతుంటారని అతనికి తెలుసు.

ఆ ఏడు ఊరంతా కంప్యూటర్ల వెంట పడింది. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, తెల్లారేసరికి దానికో కోర్సు బోర్డు వేలాడేది. ధర్మయ్య కూతురు సుమలతకూ బీఎస్సీ కంప్యూటర్సే కావాలి. లెక్కల పేపర్లలో డెబ్బై అయిదుకు డెబ్బై తెచ్చుకున్న పిల్ల, ఇంటర్ రెండో ఏడు ఫిజిక్స్‌లో అరవైకి ఇరవై రెండు, కెమిస్ట్రీలో ఇరవై మూడు దగ్గర కూలబడింది. జ్వరమూ లేదు, దిష్టీ లేదు. ఆ రెండూ ఆమెకు ఎక్కలేదు, అంతే. మిగతావన్నీ ఎంత బాగున్నా మొత్తాన్ని కిందికి లాగడానికి ఆ రెండు పేపర్లు సరిపోయాయి. మొదటి లిస్టులో పేరు లేదు, రెండోదాంట్లోనూ లేదు.

"ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయినంక మస్తు మంది పోతరు బిడ్డా. ఫికర్ జెయ్యకు. ఆఖరి దినం మనం ఆడ ఉండాలె, గంతే" అన్నాడు ధర్మయ్య. ఏటా ఎవరెవరి పిల్లలకో ధైర్యంగా చెప్పిన మాటే. సొంత కూతురికి చెబుతుంటే మాత్రం ఆ ధైర్యం లేదు.

ఆఖరి రోజు కంప్యూటర్స్‌లో నాలుగు సీట్లు మిగిలాయి. మార్కుల వరుసలో పిలుస్తారు, పలకకపోతే సీటు తర్వాతివాళ్లది. సుమలతది అయిదో పేరు. మొదటి ముగ్గురూ వచ్చేశారు. నాలుగో పేరు తారక్. ధర్మయ్య పిలిచాడు, ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. సుమలత తండ్రినే చూస్తోంది.

గుమాస్తా వీర్రాజు పెన్ను మూత తీశాడు. "రాలేదుగా ధర్మయ్యా. మీ అమ్మాయి పేరు రాసేస్తాను."

"జర ఆగుండ్రి సార్. గేటు కాడ సుత పిలిచొస్త."

ధర్మయ్య గేటు దాకా నడిచాడు. గొంతు తగ్గించి పిలుద్దామా అనిపించిందని ఆ సాయంత్రం భార్య కొమురమ్మ దగ్గర ఒప్పుకున్నాడు. కానీ నోరు తెరిచేసరికి ఎప్పటి గొంతే వచ్చింది. బస్టాపు వెనకాల నుంచి బక్కపలచటి కుర్రాడొకడు ఫైలు చంకన పెట్టుకుని, ఆటోల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"నేనేనండీ తారక్‌ని. నా మార్కులకి నా దాకా రాదనుకున్నానండీ."

ధర్మయ్య వాణ్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. సీటు అయిపోయింది. కూతురి మొహం చూడలేక నోటీసు బోర్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

వీర్రాజు ఇంకో కాగితం తీశాడు. "స్టాటిస్టిక్స్‌లో రెండు సీట్లున్నాయి. దానికి లెక్కల మార్కులు చూసి ఇమ్మన్నారు ప్రిన్సిపాల్ గారు. అలా చూస్తే మొదటి పేరు మీ అమ్మాయిదే."

"ఏం బిడ్డా, తీసుకుంటవా?" ధర్మయ్య మెల్లగా అడిగాడు.

సుమలత కళ్లు తుడుచుకుంది. "లెక్కలే గద బాపు, తీసుకుంట. కంప్యూటర్లు అమీర్‌పేటల నేర్చుకోవచ్చు. గని ముందుగాల నా పేరు సుత పిలువు. మూడుసార్లు."

వీర్రాజు నవ్వి పెన్ను కింద పెట్టాడు. ధర్మయ్య వరండాలోంచి రెండుసార్లు పిలిచాడు. ఎదురుగానే ఉన్నా సుమలత పలకలేదు. అతను గేటు దాకా నడిచి, సోమాజిగూడ బస్సులో కూర్చున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూసేలా కూతురి పేరు పిలిచాడు.

"వచ్చిన బాపు" అంది సుమలత, వెనకాలే వచ్చి నిలబడి.